బాలింత మనసు, ఆనుకునే తీరు: గర్భిణులూ కొత్త తల్లులూ తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో గర్భిణులకూ బాలింతలకూ కౌన్సెలింగ్ చేస్తుంటాను. గాజువాకలో కూర్చున్నా, మధురవాడలో కూర్చున్నా వచ్చే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఉదాహరణల్లో మనుషులను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ముందుగా ఒక్క మాట. చచ్చిపోవాలనిపిస్తున్నా, బిడ్డకు ఏమైనా చేసేస్తానేమోనని భయం పట్టుకున్నా, ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నా ఇది చదువుతూ కూర్చోకండి. ఇంట్లో ఉన్న మనిషిని కేకేయండి. 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్. 24 గంటలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే 108.

అనుబంధ శైలి అంటే ఏమిటి?

కష్టంలో మనం ఇంకో మనిషిని ఎలా ఆనుకుంటామో, అదే. జ్వరమొచ్చిన పిల్ల అమ్మ ఒళ్ళోకి ఎగబాకుతుంది. అది గారాబం కాదు, ఆకలిలాగే పుట్టుకతో వచ్చే అవసరం అని బ్రిటన్ సైకియాట్రిస్ట్ జాన్ బౌల్బీ చెప్పారు. ఆయనతో కలిసి పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ 1950ల్లో ఉగాండా పల్లెల్లో తల్లుల ఇళ్ళకు వెళ్ళి, పిల్లలు అమ్మ దగ్గర ఎలా ఉంటున్నారో ఓపిగ్గా గమనించారు. తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లోనూ అదే పని చేశారు. పిల్లలందరూ ఒకేలా ఆనుకోరని అక్కడ తేలింది. పెద్దవాళ్ళ ప్రేమల్లోనూ ఇవే తీరులు కనిపిస్తాయని 1987లో సిండీ హాజన్, ఫిలిప్ షేవర్ చూపారు.

పుస్తకాల భాష వదిలేసి ఒక రాత్రి సంగతి చెబుతాను. రెండు గంటలైంది. బిడ్డ గుక్క తిప్పుకోకుండా ఏడుస్తోంది. భర్త పక్కన నిద్రపోతున్నాడు.

ఒకామె, ‘ఏమండీ, లేవండి, నావల్ల కావట్లేదు, కాసేపు ఎత్తుకోండి’ అంటుంది. ఆయన లేస్తాడని ఆమెకు నమ్మకం. ఇది ధైర్యంగా ఆనుకునే తీరు. ఇంకొకామె కూడా లేపుతుంది. కానీ లేపే ముందే గుండె దడదడలాడుతుంది. విసుక్కుంటాడేమో, నా మీద ప్రేమ తగ్గిందేమో, పొద్దున మాట్లాడడేమో. ఆయన లేచి ఎత్తుకున్నాక కూడా ముఖంలో విసుగు ఉందా అని వెతుకుతూనే ఉంటుంది. ఇది ఆత్రంగా పట్టుకునే తీరు. మూడో ఆమె అసలు లేపదు. బిడ్డను తీసుకుని హాల్లోకి వెళ్ళి తెల్లారేదాకా తిరుగుతుంది. పొద్దున అత్తగారు అడిగితే, ‘బాగానే పడుకున్నామండీ’ అంటుంది. ఇది దూరం జరిగే తీరు. కొందరిలో చివరి రెండూ కలిసి ఉంటాయి. కావాలనీ ఉంటుంది, దగ్గరికి పోవాలంటే భయమూ ఉంటుంది.

నాది ఏ తీరో తెలుసుకోవడం ఎలా? ఆన్‌లైన్‌లో టెస్టులు ఉన్నాయి కదా?

ఉన్నాయి. సరదాగా చేసుకుంటే చేసుకోండి గానీ వచ్చిన పేరును నుదుటి మీద రాసుకోకండి. ఇది జబ్బు పేరు కాదు. ఒకే మనిషి అమ్మ దగ్గర ఒకలా, భర్త దగ్గర ఇంకోలా ఉండొచ్చు. టెస్టు కన్నా ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే ఎక్కువ తెలుస్తుంది: ‘కిందటి వారం బాగా కష్టంగా అనిపించిన రోజున ఎవరికి చెప్పాను? చెప్పే ముందు ఏం భయపడ్డాను?’

దీనికీ డిప్రెషన్‌కీ ఏమిటి సంబంధం?

ఆత్రంగా పట్టుకునేవారిలోనూ, దూరం జరిగేవారిలోనూ గర్భంతో ఉన్నప్పుడూ కాన్పు తర్వాతా డిప్రెషన్ లక్షణాలు ఎక్కువగా కనిపిస్తున్నాయని చాలా దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. ఆత్రం ఉన్నవారి విషయంలో ఇది మరీ స్పష్టం. అంతమాత్రాన ఆ తీరు ఉన్న ప్రతివారికీ డిప్రెషన్ వస్తుందని కాదు. ధైర్యంగా ఆనుకునేవారికి రాదనీ కాదు.

ఎందుకిలా అంటే, మనిషికి జీవితంలో ఇంకొకరి సాయం బాగా కావలసిన రోజులు ఇవి. నిద్ర లేదు, కుట్లు నొప్పి, పాలు పడలేదన్న బెంగ, ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం. ఈ రోజుల్లో సాయం అడగడమే కష్టమైతే బరువంతా ఒంటి మీదే పడుతుంది. ఆత్రం ఉన్నామెకు చుట్టూ మనుషులున్నా ‘వీళ్ళు ఉంటారా, పోతారా’ అన్న లెక్కతోనే సగం శక్తి అయిపోతుంది. దూరం జరిగే ఆమె సాయాన్ని గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తుంది. ఇద్దరూ అలిసిపోతారు. ఇద్దరికీ బయటివాళ్ళు చెప్పే మాట మాత్రం ఒకటే, ‘నీకేం లోటమ్మా?’

డిప్రెషన్‌కు కారణాలు ఇంకా ఉన్నాయి. ఇంతకుముందు డిప్రెషన్ వచ్చి ఉండటం, ఇంట్లో కొట్టడం తిట్టడం, అప్పులు, వద్దనుకున్న గర్భం, పోయిన బిడ్డ తాలూకు దుఃఖం. గోవాలో జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో పేదరికం, భర్త హింస, మగబిడ్డ కావాలనుకుంటే ఆడబిడ్డ పుట్టడం వంటివి ముందుకొచ్చాయి. కొట్టే ఇంట్లో ఉన్నామెకు ‘నీ అనుబంధ శైలి మార్చుకో’ అని చెప్పడం అన్యాయం. అక్కడ మారాల్సింది ఇల్లు.

కాన్పయి నాలుగు రోజులైంది. ఊరికే ఏడుపొస్తోంది. డిప్రెషనేనా?

చాలావరకు కాదు. రెండో రోజో మూడో రోజో మొదలై, వారంలోపు ఎక్కువై, రెండు వారాల్లో సర్దుకునే ఏడుపు చాలామందికి వస్తుంది. నిద్ర, తిండి, పక్కన మనిషి ఉంటే తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, ‘నాలాంటి తల్లి ఈ బిడ్డకు ఎందుకు’ అన్న ఆలోచన తిరుగుతూనే ఉంటే డాక్టర్‌కు చూపించాలి. రక్తహీనతకూ థైరాయిడ్‌కూ పరీక్ష చేయించమని కూడా అడగండి. కాన్పు తర్వాత థైరాయిడ్ దెబ్బతిని నీరసం, దిగులు వచ్చేవాళ్ళు ఉన్నారు.

కడుపుతో ఉన్నప్పుడే మొదలవుతుందా?

అవుతుంది. మన దగ్గర దాన్ని వేవిళ్ళ ఖాతాలోనో, ‘కడుపుతో ఉంటే అలాగే ఉంటుంది’ అన్న ఖాతాలోనో వేసేస్తారు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చెకప్ ఉంటుంది. బీపీ, రక్తం, స్కానింగ్‌తో పాటు ‘మనసు బాగాలేదు’ అని కూడా అక్కడే చెప్పండి. ఆశా వర్కర్‌కు చెప్పినా సరే. ఎవరూ అడగలేదని ఊరుకోవద్దు.

పుట్టింట్లో బాగానే ఉంది. మూడో నెలలో ఇక్కడికొచ్చాకే ఇలా అయింది. ఎందుకు?

ఈ ప్రశ్న అత్తలూ భర్తలూ ఇద్దరూ అడుగుతారు, కాస్త నిష్ఠూరంగానే. నా అనుభవంలో మన ఇళ్ళలో బాగా కనిపెట్టి ఉండాల్సింది పురిటి రోజు కన్నా ఈ తిరిగొచ్చే రోజునే.

మన పద్ధతి చూడండి. తొలి కాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి పంపుతాం. అమ్మ నీళ్ళు పోస్తుంది, పథ్యం పెడుతుంది, రాత్రి బిడ్డను తీసుకుంటుంది. మంచి పద్ధతే, ఆ నెలల్లో ఆమెకు ఆనుకోవడానికి గోడలాంటి మనిషి ఉంటుంది. కానీ మూడో నెలలోనో ఐదో నెలలోనో ముహూర్తం చూసి ఆ గోడను ఒక్క రోజులో తీసేస్తాం. భర్తకు బిడ్డ ఏడుపు తెలియదు. అత్తగారికి బిడ్డ అలవాట్లు తెలియవు. ఆత్రం ఉన్నామెకు అది కాళ్ళ కింద నేల కదిలినట్టు ఉంటుంది. దూరం జరిగే ఆమె మొదటి రోజునుంచే వంటింట్లోకి వెళ్ళి నిలబడుతుంది.

పెందుర్తి వైపు నుంచి వచ్చిన ఒకామె చెప్పింది. శ్రీకాకుళం నుంచి వాళ్ళమ్మ దింపడానికి వచ్చి, రెండు రోజులుండి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఈమె ఇంటికొచ్చి బిడ్డకు స్నానం చేయిద్దామని నీళ్ళు తోడుకుంది, పీట వేసుకుంది, కాళ్ళు చాపింది. బిడ్డను ఆ కాళ్ళ మీద ఎలా పడుకోబెట్టాలో తెలియలేదు. మూడు నెలలూ రోజూ అమ్మే పోసింది, తను తువ్వాలు పట్టుకుని నిలబడింది. నూనె రాసిన బిడ్డ చేతుల్లోంచి జారిపోతుందని భయం. అత్తగారిని పిలిస్తే ఏమనుకుంటారోనని ఇంకో భయం. నీళ్ళు చల్లారిపోయాయి. మూడు రోజులు తడిగుడ్డతో తుడిచి ఊరుకుంది. ‘నేను తల్లినే కాదు మేడమ్’ అంది నాతో. ఆ మాట అనడానికి వారం ముందునుంచే ఆమెకు నిద్ర లేదు.

ఆమెకు మందుల కన్నా ముందు చేయించింది చిన్న పని. వాళ్ళమ్మను మళ్ళీ రప్పించాం. ఈసారి నీళ్ళు పోసింది కూతురు, పక్కన కూర్చుంది అమ్మ. మూడో రోజుకు అమ్మ స్థానంలో అత్తగారు కూర్చున్నారు.

అందుకే ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. పుట్టింటి నుంచి రావడానికి రెండు వారాల ముందునుంచే స్నానం, నలుగు, రాత్రి పాలు, ఉయ్యాల మెల్లమెల్లగా కూతురి చేతికి ఇవ్వండి. అత్తగారు ముందే వెళ్ళి నాలుగు రోజులు ఉండి బిడ్డను చేసుకుంటే ఇంకా మంచిది. భర్తకు సెలవు ఉంటే అంతా కాన్పు రోజులకే వాడేయకుండా కొంత ఈ వారానికి దాచుకోవాలి.

బిడ్డను చూస్తే ప్రేమ రావడం లేదు. నాలో ఏదో లోపం ఉందా?

లేదు. చాలామందికి చూసిన క్షణంలోనే పొంగిపోదు. వారాలు పడుతుంది. డిప్రెషన్ ఉంటే ఇంకా ఆలస్యం అవుతుంది, ఎందుకంటే ఆ జబ్బు సంతోషం తెలియకుండా చేస్తుంది. తల్లికి బిడ్డ మీద కలిగే మమకారం ఒకటి, బిడ్డ తల్లిని ఆనుకోవడం ఇంకొకటి. రెండోది ఏర్పడడానికే నెలలు కావాలి. ఆరేడు నెలలు దాటాక బిడ్డ కొత్తవాళ్ళను చూసి ఏడవడం, అమ్మ వెనక పాకడం చూస్తారు కదా, అదే. దారి అప్పటికి మూసుకుపోదు. మమకారం వచ్చేదాకా చేతులు పని చేస్తే చాలు. పాలివ్వండి, ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోబెట్టుకోండి, మాట్లాడండి.

నా డిప్రెషన్ వల్ల బిడ్డ భవిష్యత్తు పాడవుతుందా?

ఈ భయమే మిమ్మల్ని సగం తినేస్తోందని నాకు తెలుసు, అందుకే సూటిగా చెబుతాను. వైద్యం లేకుండా నెలల తరబడి సాగితే తల్లీబిడ్డల ముచ్చట తగ్గుతుంది, దాని ప్రభావం బిడ్డ మీద పడొచ్చు. వైద్యం తీసుకుంటే ఆ దారి మళ్ళుతుంది. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికా శాస్త్రవేత్త 1970ల నుంచి తల్లీబిడ్డలు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఏం జరుగుతుందో చూశారు. హాయిగా ఉన్న తల్లుల్లో కూడా ఇద్దరి మనసులూ కలిసి ఉండే సమయం తక్కువే. తప్పుతూ ఉంటారు, మళ్ళీ కలుస్తూ ఉంటారు. ఆ మళ్ళీ కలవడమే బిడ్డకు కావలసింది. పైగా బిడ్డ ఒక్క మనిషినే కాదు, తాతమ్మనీ, నాన్ననీ, పిన్నినీ కూడా ఆనుకుంటుంది. మీరు కోలుకునేదాకా వాళ్ళలో ఒకరు రోజూ బిడ్డతో నవ్వుతూ మాట్లాడితే అది మీ స్థానం లాక్కోవడం కాదు.

డిప్రెషన్ ఉందేమో చూడడానికి తల్లులతో నింపిస్తారే, ఆ పది ప్రశ్నల పత్రం ఏమిటి?

జాన్ కాక్స్, ఆయన సహచరులు 1987లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో తయారుచేశారు. గడిచిన 7 రోజుల గురించి పది ప్రశ్నలు. నవ్వగలిగారా, కారణం లేకుండా కంగారు పడ్డారా, ఇలాంటివి. మొత్తం 30 మార్కులు. 13, అంతకు మించి వస్తే డిప్రెషన్ ఉండే అవకాశం ఎక్కువ. 10 దాటినా ఒకసారి డాక్టర్‌తో మాట్లాడటం మంచిది. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి ‘ఎప్పుడూ లేదు’ తప్ప ఏ జవాబు ఇచ్చినా మొత్తం మార్కులు చూడక్కర్లేదు, ఆ రోజే మాట్లాడాలి. అత్తగారు పక్కన కూర్చుని చదివి వినిపిస్తే వచ్చే జవాబులు నమ్మొద్దు. ఒంటరిగా నింపనివ్వాలి.

నా తొలి కాన్పు తర్వాత ఆరో వారం చెకప్‌కు వెళ్ళినప్పుడు ఒక ఆసుపత్రిలో కుట్లు చూశారు, బీపీ చూశారు, ‘అంతా బాగుంది’ అన్నారు. నేను అంతకు ముందు రాత్రంతా మేడ మీద కూర్చుని ఉన్నాను. ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చెప్పేసేదాన్ని. ఈ పత్రం నా సంచిలో ఎప్పుడూ ఉండడానికి కారణం అదే.

మందులు వేసుకుంటే పాలివ్వొచ్చా?

చాలా మందులతో ఇవ్వొచ్చు. సెర్ట్రలిన్ లాంటివి పాలలోకి చాలా తక్కువగా వెళ్తాయి, అందుకే పాలిచ్చే తల్లులకు డాక్టర్లు తరచుగా అది రాస్తారు. మందు ఎంపిక సైకియాట్రిస్ట్ చేయాలి, పక్కింటావిడ మిగిలిన మాత్రలు కాదు. ఇప్పటికే మందుల మీద ఉండి గర్భం వస్తే భయపడి ఒక్కసారిగా మానేయకండి, జబ్బు తిరగబడుతుంది. వెంటనే డాక్టర్‌కు చెప్పండి. వాల్‌ప్రోయేట్ వంటి కొన్ని మందులు గర్భంలో బిడ్డకు హాని చేస్తాయి, వాటిని గర్భానికి ముందే మార్పించుకోవాలి.

మరీ ముదరని డిప్రెషన్‌కు మాటల వైద్యం ఒక్కటే సరిపోవచ్చు. పాకిస్తాన్ పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి తల్లుల ఇళ్ళకు పంపితే డిప్రెషన్ సగానికి పైగా తగ్గిందని 2008లో వెలువడిన అధ్యయనం చూపింది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని తీసుకుంది. మన ఆశా వర్కర్లు, ఏఎన్ఎంలు కూడా ఇది చేయగలరని నా గట్టి నమ్మకం.

‘మేం కనలేదా పిల్లల్ని, మాకెందుకు రాలేదు’ అంటారు అత్తగారు.

వచ్చే ఉంటుంది. పేరు లేదు, అంతే. గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు, పొగరన్నారు. మన దేశంలో కాన్పు తర్వాత ప్రతి వందమంది తల్లుల్లో దాదాపు 22 మందికి డిప్రెషన్ లక్షణాలు ఉన్నాయని 2017లో అచ్చయిన ఒక సమీక్ష చెప్పింది. అది 38 అధ్యయనాలను కలిపి చూసిన లెక్క. అత్తగారితో వాదించకండి. ‘అత్తయ్యా, మీ కాన్పుకు మీ దగ్గర ఎవరున్నారు?’ అని అడిగి చూడండి. ఈ ప్రశ్నకు కళ్ళు తుడుచుకున్న అత్తగార్లు నాకు తెలుసు.

భర్తగా నేనేం చేయాలి?

మీ ఆవిడ ఏ తీరుగా ఆనుకుంటుందో దాన్నిబట్టి. ఆత్రంగా పట్టుకునే మనిషైతే, ఆమెకు కావలసింది పెద్ద పెద్ద మాటలు కాదు, చెప్పిన వేళకు రావడం. స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ అయినా, ఓడ మీద ఉన్నా, రోజూ ఫలానా టైముకు ఫోన్ చేస్తానని చెప్పి ఆ టైముకే చేయండి. కుదరకపోతే ముందే చెప్పండి. మెసేజ్ చూసి జవాబివ్వకుండా వదిలేస్తే ఆమెకు ఆ మధ్యాహ్నమంతా పోయినట్టే. దూరం జరిగే మనిషైతే ‘ఏమైనా కావాలా’ అని అడగకండి. ‘వద్దు’ అనే అంటుంది. బిడ్డను ఎత్తుకుని మేడ మీదికి తీసుకెళ్ళిపోండి, ఆమెకు గంట నిద్ర దొరుకుతుంది. ఇద్దరికీ పనికిరాని మాట ఒకటుంది, ‘నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు’.

మీ సంగతి కూడా చూసుకోండి. కొత్తగా తండ్రులైనవారిలో పదిమందిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. మగవాళ్ళలో అది ఎక్కువగా చిరాకుగానో, తాగుడుగానో బయటపడుతుంది.

ఎప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడదు?

కాన్పయిన రెండు వారాల్లోపు తల్లి నిద్రే లేకుండా హుషారుగా తిరుగుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, బిడ్డ తనది కాదంటున్నా, ఎవరో చంపడానికి వస్తున్నారంటున్నా అది డిప్రెషన్ కాదు, ఇంకా తీవ్రమైన జబ్బు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది. తాయెత్తు కట్టిస్తూ రోజులు పోగొట్టకండి. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వైద్యం అందితే చాలా బాగా కోలుకుంటారు.

విశాఖలో ఎక్కడికి వెళ్ళాలి? వాల్తేరు ఆసుపత్రి పేరు చెబితే బిడ్డను తీసేసుకుంటారని భయం.

కాన్పు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనో, వన్‌టౌన్‌లోని విక్టోరియా ఆసుపత్రిలోనో, అదే మనవాళ్ళు ఘోషాసుపత్రి అంటారే, అక్కడ అయి ఉంటే ముందు అక్కడి డాక్టర్‌కే చెప్పండి. మానసిక వైద్యానికి చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరుకు ఊళ్ళో ఉన్న భయం పాతది. ఓపీలో చూపించుకుని మందులు రాయించుకుని ఇంటికి వచ్చేసేవాళ్ళే ఎక్కువ.

బిడ్డ విషయంలో చట్టం మీ పక్కనే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, వైద్యం కోసం చేరిన తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. బిడ్డకు తల్లి వల్ల ప్రమాదం ఉందని డాక్టర్ తేల్చినప్పుడే, అదీ కొంతకాలానికే, దూరం పెడతారు.

ఈ తీరు మారుతుందా, జీవితాంతం ఇంతేనా?

మారుతుంది, మెల్లగా. చిన్నప్పుడు ఆసరా దొరకని మనుషులు పెద్దయ్యాక నమ్మదగిన భర్త వల్లో, స్నేహితురాలి వల్లో, కౌన్సెలింగ్ వల్లో ధైర్యంగా ఆనుకోవడం నేర్చుకున్నారు. పైన రాత్రి రెండు గంటల సంగతిలో మూడో ఆమెలాంటి మనిషి ఒకరు నా దగ్గరకు వచ్చేది. ‘ఒక్కసారి లేపి చూడు’ అని నెలన్నర చెప్పాను. ఒక రాత్రి లేపింది. ఆయన కళ్ళు కూడా సరిగా తెరవకుండా లేచి కూర్చుని చేతులు చాపాడట. ‘అంతే మేడమ్, ఇలా చాపాడు’ అని రెండు చేతులూ ముందుకు పెట్టి చూపించింది.

మొదటిసారి వచ్చింది. రెండో కాన్పుకూ వస్తుందా?

వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే ఎక్కువే. కానీ ఈసారి ముందే తెలుసు. గర్భం అనుకున్నప్పుడే గైనకాలజిస్ట్‌కు పాత సంగతి చెప్పండి, మందులు అవసరమా అన్నది సైకియాట్రిస్ట్‌తో తేల్చుకోండి. నేను రెండోసారి ఏడో నెలలోనే ఒక కాగితం రాసి ఫ్రిజ్‌కు అంటించాను. రాత్రి పదింటి నుంచి రెండింటి దాకా బిడ్డ ఎవరి దగ్గర, రెండు నుంచి తెల్లారేదాకా ఎవరి దగ్గర. నేను వరుసగా రెండు రాత్రులు నిద్రపోకపోతే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి. కింద మూడు నంబర్లు. మా అత్తగారికి చదవడం రాదు, అందుకని ఆవిడ వంతు వచ్చినచోట ఒక చందమామ గీశాను.